హిమోగ్లోబిన్ 8.2 ఉంది, ఏం తింటే రక్తం తొందరగా పెరుగుతుంది?

పద్దెనిమిదేండ్ల కూతురికి ఏం పెట్టాలని అడిగారు. పైన పదిమంది అప్పుడే బీట్‌రూటు, దానిమ్మ, ఖర్జూరం రాసేశారు. నేను ఇంకో కాయ పేరు చెప్పను. మీ పాపకు నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది? రాత్రిపూట ప్యాడ్ మార్చుకోవడానికి లేస్తుందా? ముందు ఈ రెండూ కనుక్కోండి. మా దిక్కు ట్యాంకులో నీళ్లు నిలవకపోతే ఇంకో బోరు వేయిస్తారు గానీ పైపు యాడ కారుతోందో చూడరు. ఆడపిల్లల రక్తం సంగతి కూడా అట్లే ఉంది.

మాది అనంతపురం. మా పాపకు పెద్దమనిషి అయినప్పటి నుంచి నెలకు తొమ్మిది రోజులు. "మన ఇండ్లల్లో అందరికీ అంతేలే, పెండ్లయితే సర్దుకుంటుంది" అనేది మా అవ్వ. నేను చేసుకున్నది సొంత మేనమామను, కాబట్టి ఆమే నాకు అవ్వ, ఆమే అత్త. రెండు హోదాల్లో చెప్పిన మాట, ఎదురు చెప్పలేం. పైగా నాకూ ఎనిమిది రోజులే గదా అని ఊరుకున్నా. రాగిసంగటి, మునగాకు, చెనిక్కాయల ఉండలు, నాలుగేండ్లు విడవకుండా పెట్టినా. హిమోగ్లోబిన్ 9కి పోయేది, మళ్లీ 8కి వచ్చేది.

పాప డిగ్రీ రెండో ఏడులో ఉండగా జ్ఞానదంతం పీకించడానికి సాయినగర్‌లో ఒక పండ్ల డాక్టరు దగ్గరికి పోయినాం. సాయంత్రం పీకి, దూది పెట్టి పంపించినాడు. రాత్రి పదకొండుకు చూస్తే దిండు గలీబు తడిసిపోయింది. స్టీలు చెంబు ఇస్తే అందులో ఉమ్ముతోంది, కార్జం ముక్కల మాదిరి గడ్డలు. అవ్వ సబ్జా గింజలు నానబెడుతోంది, వేడి చేసిందంట. రెండు గంటలకు భయమేసి డాక్టరుకు ఫోన్ చేస్తే, పాపం, స్కూటర్ మీద వచ్చి ఆయనే షట్టర్ ఎత్తినాడు. కుట్లు వేసి, చేతులు కడుక్కుంటా, "అమ్మా, పాపకు నెలసరి ఎట్లుంటుంది?" అన్నాడు. మా ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగినాడు. పాప నోటినిండా దూది. మాట్లాడలేక రెండు చేతులూ ఎత్తి తొమ్మిది వేళ్లు చూపించింది. "మీకు?" అన్నాడు నన్ను చూసి. నేను ఎనిమిది చూపించినా. "మీరిద్దరూ రక్తం జబ్బుల డాక్టరుకు చూపించుకోండి" అన్నాడు.

అంతకుముందు ఎంతమంది ఆడ డాక్టర్లకు చూపించినామో! అందరూ టానిక్కు రాసినోళ్లే, ఎన్ని రోజులని అడిగినోళ్లు లేరు. చివరికి అడిగింది పండ్లు పీకే ఆయన.

బెంగళూరుకు పోయినాం. ప్లేట్‌లెట్లు మామూలే, గడ్డకట్టే సమయం పరీక్షలూ మామూలే. ఇక్కడే చాలామంది ఏమీ లేదనుకుని ఇంటికొచ్చేస్తారు. అక్కడి డాక్టరమ్మ మాత్రం వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ (రక్తం ఆగడానికి ఒంట్లో ఉండాల్సిన ఒక పదార్థం) పరీక్ష విడిగా పంపించింది. పాపకు తక్కువ, నాకూ తక్కువే. నాకు అర్థమైనట్టు చెప్తా: గోడకు సినిమా పోస్టరు అంటించాలంటే మైదా జిగురు కావాలి గదా. మాకు పోస్టర్లు దండిగా ఉన్నాయి, జిగురే పల్చన. ప్లేట్‌లెట్లు లెక్కపెట్టడమంటే పోస్టర్లు లెక్కపెట్టడమే.

ఆ జిగురుకు పేరు పెట్టింది ఫిన్లాండ్ డాక్టరు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ మీద. 1924లో ఓలాండ్ దీవుల నుంచి యోర్డిస్ అనే ఐదేండ్ల పిల్లను ఆయన దగ్గరికి తీసుకొచ్చినారు. 1926లో ఆ కుటుంబం గురించి రాసినాడు. ఆ పిల్ల పదమూడో ఏట, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. మా పాప నాలుగో నెలసరికి మేము చేసిందేమంటే, నువ్వుల చిమ్మిరి దంచి పెట్టడం.

ఇక ఇనుము. మన దేశంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. వెంటనే "మనోళ్లకు తిండి సరిగ్గా లేదు" అంటారు. మరి అమెరికాలో? మిషిగన్ యూనివర్సిటీలో పిల్లల రక్తం జబ్బులు చూసే ఆంజెలా వేయండ్ అనే డాక్టరూ, ఆమెతో పనిచేసేవాళ్లూ 2023లో ఒక లెక్క తీసినారు. 12 నుంచి 21 ఏండ్ల ఆడపిల్లల్లో 38.6 శాతం మందికి ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే లెక్క, 25 కంటే తక్కువ. హిమోగ్లోబిన్ కూడా పడిపోయినోళ్లు 6.3 శాతమే. అంటే ఒంట్లో ఇనుము తగ్గిపోయినా హిమోగ్లోబిన్ కాగితం మీద బాగానే కనిపిస్తుంది. మీ పాపకు అదీ పడిపోయిందంటే, నిల్వ ఎప్పుడో ఊడ్చుకుపోయి ఉంటుంది. ఫెరిటిన్ చేయించండి. మా పాపకు 4 వచ్చింది.

బళ్లో నీలం రంగు ఇనుము మాత్రలు ఇస్తారు, మంచిదే. మా పాపా వాళ్లు వాటిని ప్రహరీ అవతలికి విసిరేసేవాళ్లంట, విరేచనం నల్లగా అవుతుందని. ఎందుకు నల్లగా అవుతుందో ఒక్క మాట చెప్పుంటే మింగేవాళ్లు. మాకు బెంగళూరులో రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒక మాత్ర పడితే ఒక రోజంతా పేగులు ఇనుమును సరిగ్గా లోపలికి రానీయవంట, జ్యూరిక్‌లో 2017లో తేల్చినారు. మా ఇంట్లో మాత్ర వెనకాలే కాఫీ తాగే అలవాటు, కాఫీ తాగితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, అది మాన్పించడానికి మాత్రం నాకు ఆర్నెల్లు పట్టింది. నెలసరి రోజుల్లో రక్తం పోవడం తగ్గించే ట్రానెక్జమిక్ యాసిడ్ మాత్రలు, అవి డాక్టరు చెప్తేనే. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దన్నారు.

చుట్టాలకు తెలిసినాక ఒకటే మాట, "మేనరికం చేసుకుంటే ఇట్లే అవుతుంది". ఈ జిగురు జబ్బులో మాకున్నది మొదటి రకం, అది తల్లో తండ్రో ఒక్కరి నుంచి వస్తే చాలు. మా ఆయనకు పరీక్ష చేస్తే మామూలుగానే వచ్చింది. ఇద్దరి నుంచీ వస్తేనే పుట్టే గట్టి రకాలకు మేనరికం ప్రమాదమే, నేను కాదనను. మా చిన్నమ్మ 1988లో కాన్పయినాక రక్తం ఆగక పోయింది. నాకప్పుడు ఆరేండ్లు. ఏ రిపోర్టూ లేదు గానీ అదీ ఇదేనని నాకు అనుమానమే లేదు.

మొన్న అవ్వను కూడా పరీక్షకు రమ్మన్నా. ఎనభై ఒక్క ఏండ్లు ఆమెకు. "నాకు ఆగిపోయి ముప్పై ఏండ్లాయె, ఇప్పుడు నా రక్తంతో ఏం పని మీకు" అని కసిరింది. నీకెన్ని రోజులుండేది అవ్వా అంటే, తలుపు దిక్కు చూసి, మా ఆయన లేడని తెలుసుకుని, రెండు చేతులూ పూర్తిగా తెరిచి చూపించింది.