ముందు పన్నెండిళ్లు చాలు

పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈసారి కాలనీ సంఘాలు, వీధి పెద్దలు అడిగినవి.

ప్రశ్న: మాది నలభై ఇళ్ల కాలనీ. సంఘానికి నేను కార్యదర్శిని. తడి చెత్తతో ఎరువు చేద్దామని రెండుసార్లు మొదలుపెట్టాం. మొదటిసారి వాసన, రెండోసారి పురుగులు. ఇప్పుడు ఆ మాటెత్తితేనే మొహం తిప్పుకుంటున్నారు. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఎం.ఆర్.పల్లి, తిరుపతి

జవాబు: ఈసారి నలభై ఇళ్లనూ పిలవకండి. ఎవరూ చెప్పకుండానే తడీ పొడీ వేరు చేసే ఇళ్లు ఏ కాలనీలోనైనా పదో పన్నెండో ఉంటాయి. వాళ్లతోనే ఆరు వారాలు నడపండి. వాసన రాని తొట్టి కళ్లముందు ఉంటే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

ముందు లెక్క చూసుకుందాం. నలుగురున్న ఇంట్లో వంటింటి చెత్త రోజుకు అరకిలోకు కాస్త పైనే వస్తుంది. నలభై ఇళ్లకు 25 కిలోలు, అంటే సుమారు 50 లీటర్లు. దానికి సరిసమానంగా, బరువులో కాదు బకెట్ల లెక్కలో, ఎండుటాకు కావాలి. మొదటిసారి మీకు వాసన వచ్చింది దాదాపు ఖాయంగా ఈ ఆకు చాలకే. తడి ఎక్కువైతే గాలి ఆడదు, గాలి ఆడకపోతే కుళ్లుతుంది.

మన దగ్గర దీనికో చిక్కుంది. వేప, కానుగ ఆకు రాలేది ఫిబ్రవరి, మార్చిలో. మామిడి తొక్కలు వచ్చిపడేది మే, జూన్‌లో. తొక్కంతా నీరే, కాబట్టి ఆకు ఎక్కువ కావలసిందీ అప్పుడే. ఆ వేళకు వీధిలో ఆకు దొరకదు. అందుకని రాలే రోజుల్లోనే గోతాల్లో తొక్కి దాచండి. వంద లీటర్ల గోతం రెండు రోజులకొస్తుంది, మూడు నెలలకు 45 గోతాలు. వీధి ఊడ్చేవాళ్లతో ముందే మాట్లాడుకుంటే ఆ ఆకు తగలబడకుండా మీ గోతాల్లోకి వస్తుంది. తక్కువ పడితే కొబ్బరిపీచు పొట్టు, రంపపుపొట్టు పనికొస్తాయి.

తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరు. ఇటుకల మధ్య సందులు వదిలి జాలీగా కట్టించండి. పన్నెండిళ్లకు ఒకటి చాలు. నలభై ఇళ్లూ చేరాక నాలుగు కావాలి. సరుకు కుంగిపోతుంది కనుక ఒక్కోటి నిండడానికి ఇరవై రోజులు పడుతుంది. నాలుగోది నిండేసరికి మొదటిదానికి అరవై రోజులు దాటుతాయి, ఎరువు జల్లెడ పట్టుకోవచ్చు. అక్టోబరు వానలు రాకముందే పైన రేకు వేయించండి.

అడుగున ఆరంగుళాలు ఎండుటాకు పరవండి. దానిమీద ఆ రోజు చెత్త, గుప్పెడు పాత ఎరువు లేదా పేడనీళ్లు. ఆపైన రెండంగుళాలు ఆకు కప్పాలి. ఈ కప్పడం ఒక్కరోజు మానినా మెతుకుల మీద ఈగ వాలి గుడ్లు పెడుతుంది. మీకు రెండోసారి జరిగింది ఇదే అయ్యుంటుంది. తెల్లపురుగు కనిపిస్తే ఆ భాగాన్ని తొట్టి నడుమకు తోసెయ్యండి, వేడికి చస్తుంది. బూడిదరంగులో, చదునుగా, గట్టిగా ఉండే పురుగైతే భయం లేదు. అది చెత్తను తినే నల్ల ఈగ పిల్ల, ఎరువుకు మేలే.

వారానికోసారి పారతో తిరగెయ్యండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఆకు కలపండి, పొడిపొడిగా ఉంటే నీళ్లు చల్లండి. నడుమ గుచ్చి ఉంచిన ఇనుప కడ్డీ బయటికి తీస్తే పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. లోపల 50 నుంచి 60 డిగ్రీలు ఉంటే పని సవ్యంగా జరుగుతున్నట్టే. మామిడి టెంకలు, కొబ్బరిచిప్పలు, ఎముకలు వేయొద్దు. సాంబారు, రసం వంపేసి మెతుకులు మాత్రమే వేయాలి.

ఇక మనుషుల సంగతి. వంతులు వేసుకుంటే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. ఇద్దరికి అప్పజెప్పండి, ఒకరు ఊరెళ్తే రెండోవారు చూసుకోవాలి. మొదటి మూడు వారాలు పొద్దున ఏడింటికి ఎవరో ఒకరు బకెట్ల దగ్గర నిలబడాల్సిందే. కలిపేసిన బకెట్టు వస్తే అక్కడే, మెల్లగా చెప్పండి. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టారంటే ఆ ఇల్లు మళ్లీ మీ దారికి రాదు. వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కార్యదర్శి ఉంటారు, పొడి చెత్త బండి వేళలు వారితో ముందే కుదుర్చుకోండి. తొట్టి చూసే కార్మికురాలికి నెలకు ఇంతని ఇవ్వాలి. ఊరికే చేయించుకోవడం తప్పు.

కేరళలోని అలప్పుళ పట్టణం చెత్తను పక్కనున్న సర్వోదయపురంలో పోసేవారు. 2012లో ఆ ఊరి జనం చెత్త లారీలను అడ్డుకున్నారు. అప్పటి అలప్పుళ ఎమ్మెల్యే థామస్ ఐజాక్ వంటివాళ్లు పూనుకుని ఇళ్లలోనూ వీధుల్లోనూ ఎరువు తొట్లు పెట్టించారు. మన చెత్త ఇంకో ఊరివాళ్ల గుమ్మంలో ఎందుకు పడాలన్న ప్రశ్న మీ కాలనీలోనూ అడగండి.

ప్రశ్న: మా అపార్టుమెంటు మిద్దె 2,000 చదరపు అడుగులు. 4 అడుగుల పొడవు, 4 వెడల్పు, 6 లోతున ఇంకుడుగుంత తీసి రాళ్లు నింపాం. పావుగంట వానకే పొంగి వీధిలోకి పారుతోంది. తప్పెక్కడుంది?
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఖాళీ గుంతకు 2,700 లీటర్లు పడతాయి. రాళ్లు నింపాక మిగిలే సందు వెయ్యి లీటర్లకు కాస్త పైన. మీ మిద్దె మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే దిగేది 3,700 లీటర్లు. అలాంటి గుంతలు ఇంకో రెండు మూడైనా కావాలి.

కట్టేముందు ఒక పరీక్ష చేయండి. ఎండ కాచే రోజున గుంత నింపి వదిలెయ్యండి. మర్నాటికి నీళ్లు దిగకపోతే రెండు అనుమానాలు. పైన ఇసుక పొర మీద ఒండ్రు పేరుకుని ఉండొచ్చు. అయితే ఆరంగుళాల ఇసుక తీసి కడిగి మళ్లీ పరవండి. వినాయక చవితి దాటిన ఆదివారం ఏటా ఈ పని పెట్టుకుంటే పెద్ద వానలకు గుంత సిద్ధంగా ఉంటుంది. లేదా కింద బండ తగిలి ఉంటుంది. అప్పుడు గుంత అడుగున చిన్న బోరు వేయించి, చిల్లుల పైపుకు జాలీ చుట్టి దించాలి. బోరులోకి వెళ్లే నీళ్లు నేరుగా భూగర్భ జలంలో కలుస్తాయి కనుక మిద్దె నీళ్లు తప్ప వాకిలి కడిగినవి, బట్టలుతికినవి అందులో పడకూడదు. సెప్టిక్ ట్యాంకుకు 30 అడుగులైనా దూరం ఉంచండి.

ప్రశ్న: మా భజన మందిరంలో నెలకోసారి మూడొందల మందికి అన్నదానం. పేపరు ప్లేట్లు మానేసి స్టీలుకు మారాలంటే మూడొందల కంచాలు కొనాలా?
– ఆలయ సంఘ సభ్యుడు, తిరుచానూరు

జవాబు: అక్కర్లేదు. బంతికి అరవై మంది కూర్చుంటే ఒక బంతి తింటుంటే ఇంకో అరవై కంచాలు కడుగుడులో, మరో అరవై ఆరబెట్టుకుని ఉంటాయి. 180 చాలు. గ్లాసులే ఎక్కువ మాయమవుతాయి కనుక అవి 230 కొనండి. అన్నిటిమీదా మందిరం పేరు కొట్టించండి. మూడు తొట్లు పెట్టండి: సబ్బు నీళ్లు, మంచి నీళ్లు, చివర వేణ్నీళ్లు. మొదటి తొట్టికి ముందే ఎంగిలి బకెట్లోకి దులిపేస్తే నీళ్లు సగానికి సగం ఆదా. పేపరు గ్లాసుల లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఎరువు కావు. విస్తరాకు కొనేటప్పుడూ వెనక్కి తిప్పి చూడండి, కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంటుంది.