పని చెప్పే నోరు ఒక్కటే ఉండాలి

తిరుపతిలోని ఒక సంస్థలో 12 మందికి మిమ్మల్ని ఇన్‌ఛార్జిగా వేశారని, మీరు ఎంబీఏ చదవలేదని, మనుషులనూ సంస్థనూ నడపడంలోని మౌలిక విషయాలు నేర్చుకోవడానికి ఏ కోర్సులో చేరాలని మీరు అడిగారు. కోర్సు సంగతి చివర చెబుతాను. నేను ఎంబీఏ చదివాను. ఆ తరువాత చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో 14 సీజన్లు పనిచేశాను. ఈ రెండింటిలో నాకు పని నేర్పింది రెండవదే. పనిచేసే మనిషికి పని చెప్పే నోరు ఒక్కటే ఉండాలని, ఆ చెప్పే మనిషి తన మాట చివరకు ఎవరి చేతిలో పడుతుందో అక్కడికి వెళ్లి ఒకసారైనా నిలబడి ఉండాలని నేను నమ్ముతాను. దీనికి ముందు నేర్చుకోవలసిన పాఠం మరొకటి ఉందని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

2011 జూలైలో ఏం జరిగిందో చెబుతాను. నా ఎంబీఏ పూర్తయి అప్పటికి రెండేళ్లు. చిత్తూరుకు దగ్గరలోని ఒక ఫ్యాక్టరీలో నన్ను పగటి షిఫ్టుకు ఇన్‌ఛార్జిగా వేశారు. తోతాపురి కాయ మంచి ఊపులో వస్తున్న రోజులు. గేటు బయట రోడ్డు పొడవునా ట్రాక్టర్లు వరుసకట్టి నిలబడేవి. తోతాపురిని రైతు పచ్చిగానే తెస్తాడు, ఫ్యాక్టరీలో క్రేట్లకెత్తి మాగబెడతారు. మాగిన పండు ఎవరి కోసమూ ఆగదు. ఒక గదిలోని పండంతా ఒకేసారి తయారైతే ఆ పూటే బెల్టు ఎక్కించాలి, లేదంటే మరునాటికి మెత్తబడి పులిసిన వాసన వేస్తుంది. కడిగిన పండ్లు బెల్టు మీద కదిలి వస్తుంటే, రెండు వైపులా నిలబడిన ఆడవాళ్లు తొడిమ దగ్గర కోసి, నల్లబడిన చోటును చాకుతో తీసేస్తారు. టెంకను వేరుచేసే యంత్రమూ, గుజ్జు తీసే యంత్రమూ, గుజ్జును మరిగించే గొట్టాలూ, చివరకు స్టీలు డ్రమ్ములోని సంచీ అన్నీ ఆ తరువాతివే. తోతాపురి గుజ్జుకు బ్రిక్స్, అంటే తీపిని కొలిచే అంకె, 14కు తగ్గకూడదని కొనేవాళ్లు అడుగుతారు. దానితోపాటు నల్ల చుక్కలు ఎన్ని ఉన్నాయో కూడా చూస్తారు. బ్రిక్స్ చెట్టు మీదా మాగబెట్టడం మీదా ఆధారపడి ఉంటుంది. నల్ల చుక్క మాత్రం ఆ చాకు పట్టిన చేతి మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ రోజు బెల్టు దగ్గర 36 మంది ఉన్నారు. వాళ్లకు పని చెప్పేవాళ్లం నలుగురం. మధ్యాహ్నం భోజనాలు కాగానే ప్రొడక్షన్ అధికారి వచ్చి బెల్టు వేగం పెంచి, చేతులు త్వరగా ఆడించమన్నాడు. అరగంట గడిచాక క్వాలిటీ విభాగం అధికారిణి వచ్చి, నమూనాలో చుక్కలు ఎక్కువగా ఉన్నాయని, మచ్చ కనబడిన చోటల్లా లోతుగా కోయమని గట్టిగా చెప్పి వెళ్లింది. వాళ్లు లోతుగా కోశారు. అప్పుడు వ్యర్థాల తూకం చూసే ఉద్యోగి వచ్చి, తొట్టెలో తొక్కకన్నా కండే ఎక్కువగా పడుతోందని, ఈ నష్టమంతా మేస్త్రి లెక్కలో రాస్తానని కేకలు వేశాడు. ఇన్‌ఛార్జిగా నేను చేయవలసింది ఆ మూడు మాటలనూ కూర్చోబెట్టి ఒక్క మాటగా తేల్చడం. నేను ఆ పని చేయలేదు. ఆ మూడింటినీ, వినిపించలేదేమో అన్నట్టుగా, ఇంకా పెద్ద గొంతుతో మళ్లీ చెప్పాను.

నాలుగున్నర ప్రాంతంలో చాకుల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ అరవలేదు, ఎవరూ నాతో వాదించలేదు. చాకులను బెల్టు అంచు మీద వరుసగా పెట్టి, చేతులు కడుక్కుని, గోడ వారగా కూర్చున్నారు. కోయని పండ్లు అలాగే ముందుకు పోతుంటే నేనే పరుగెత్తి బెల్టు ఆపాను. ఆపిన వెంటనే, రేపటి నుంచి ఎవరూ పనికి రానక్కరలేదని, ఈ పూట కూలి రాయనని బెదిరించాను. రెండేళ్లు చదివిన చదువులో ఒక్క వాక్యమైనా ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. గుడిపాల వైపు పల్లెల నుంచి వాళ్లను ఆటోలలో తీసుకువచ్చే మేస్త్రి యాభై దాటిన మనిషి. ఆమె లేచి నా దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా ఇలా అంది:

“నాయనా, ఒకాయన బిరబిరా కొయ్యమంటాడు, ఆ మేడమ్ లోతుగా కొయ్యమంటాది, ఇంకొకాయన కండ పోతా ఉందంటాడు. మేం ఎవురి మాట ఇనాల? కూలి సంగతి మళ్ల సూద్దాం. ముందు నువ్వు ఈడికొచ్చి నిలుచుకోని నాలుగు కాయలు కోసి సూపించు. అట్నే కోస్తాం.”

ఆమె రోజూ నిలబడే చోటికి వెళ్లి చాకు పట్టుకున్నాను. అది షెడ్డు మూలలో, బెల్టు చివర ఉంటుంది. అక్కడ కిటికీ లేదు. బెల్టును మళ్లీ నడపమన్నాను. ఒక పండుకు తొడిమ కోసి తిప్పి చూసేలోగా మూడు పండ్లు నన్ను దాటిపోయాయి. నాలుగవ దానిని అందుకుని మచ్చ ఎక్కడుందా అని చూస్తే, పండు మీద కనిపించే నలుపు మచ్చో నా చేతి నీడో తెలియలేదు. తలెత్తి చూశాను. పైన ఉన్న 4 ట్యూబ్‌లైట్లలో 2 వెలగడం లేదు.

“ఎన్నాళ్లయింది అక్కా ఇవి పోయి?” అని అడిగాను. తొమ్మిది రోజులైందని చెప్పింది. వాళ్లు ఎలక్ట్రీషియన్‌ను అడిగితే స్టోర్సులో అడగమన్నాడట. స్టోర్సు గుమాస్తా ఇన్‌ఛార్జి సంతకం తెమ్మన్నాడట. ఆ ఇన్‌ఛార్జిని నేనే. తొమ్మిది రోజులూ రోజుకు పదిసార్లు నేను ఆ బెల్టు పక్కగా నడిచాను. ఒక్క సంతకం అడగడానికి వాళ్లలో ఎవరికీ నోరు రాలేదు, ఎందుకంటే నేను వాళ్ల దగ్గర ఆగిన ప్రతిసారీ తప్పు పట్టడానికే ఆగాను. ఆ మాట ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

ఆఫీసు గదిలోని ట్యూబ్‌లైట్లు రెండు విప్పించి అక్కడ బిగించాము. ప్రొడక్షన్ అధికారితో మాట్లాడి బెల్టు వేగం తగ్గించాము. క్వాలిటీ అధికారిణిని పిలిచి, ఎంత లోతు కావాలో ఆమె చేతితోనే మూడు పండ్లు కోయించాను: ఒకటి చాలీచాలకుండా, ఒకటి సరిగ్గా, ఒకటి అవసరానికి మించి. తూకం చూసే ఉద్యోగి నడిమి పండును చూసి ఆ మాత్రం కండ పోతే ఒప్పుకుంటానన్నాడు. ఆ మూడింటినీ ఒక స్టీలు పళ్లెంలో పెట్టి బెల్టు పక్కన ఉంచాము. ఇకమీదట వాళ్లకు మాట చెప్పేది నేను ఒక్కడినేనని, మిగతా ముగ్గురూ నాకే చెప్పాలని అందరి ముందూ అనుకున్నాము. ఆగిన సమయానికి కూలి కోయకుండా రాశాను. ఐదున్నరకు చాకులు మళ్లీ ఆడాయి. షిఫ్టు ముగిసే ముందు తీసిన నమూనాలో చుక్కలు పరిమితికి లోపలే ఉన్నాయి; మిగిలిన క్రేట్లను రాత్రి షిఫ్టులోని మగవాళ్లు ఎక్కించారు.

ఇదంతా నా పాఠ్యపుస్తకంలో ఉన్నదే. ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ ఫయోల్ సంస్థలను నడపడం గురించి 1916లో ప్రకటించిన 14 సూత్రాలలో నాలుగవది, ఒక ఉద్యోగికి ఆజ్ఞ ఒకే అధికారి నుంచి రావాలన్నది. ఆయన గనుల ఇంజనీరు; 1888లో దివాలా అంచున ఉన్న ఒక బొగ్గు, ఉక్కు కంపెనీ పగ్గాలు చేపట్టి, దానిని నిలబెట్టి, 1918 వరకు నడిపిన మనిషి. ఆ సూత్రం ఆయనకు గనుల్లోనూ కొలిమి దగ్గరా తెలిసి ఉంటుందని నా నమ్మకం. రెండు విభాగాల వాళ్లు ప్రతి విషయానికీ పైదాకా వెళ్లకుండా, తమ అధికారులకు తెలిసేలా, నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి అడ్డంగా ఒక వంతెన ఉండాలని కూడా ఆయనే చెప్పాడు. మా ఫ్యాక్టరీలో ఆ వంతెన లేదు. క్వాలిటీ వాళ్లూ ప్రొడక్షన్ వాళ్లూ తమలో తాము తేల్చుకోవలసిన తగవును తెచ్చి 36 మంది ఆడవాళ్ల చేతుల్లో పెట్టారు. ఫయోల్ సూత్రాలను వరుసగా రాసి నేను పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. 14 సూత్రాలను బట్టీ పట్టించి, వాటిలో ఒక్కదానినైనా ఒక పనిచోటుకు తీసుకువెళ్లి చూపించని చదువు మీద నాకున్న కోపం ఆ రోజు మొదలైంది, ఇంకా పోలేదు.

వెలుతురు సంగతి కూడా చదివాను. అమెరికాలో షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో 1924లో మొదలైన ప్రయోగాలు వెలుతురుతోనే మొదలయ్యాయి. వెలుతురు పెంచినప్పుడే కాక తగ్గించినప్పుడు కూడా ఉత్పత్తి పెరిగిందని, కాబట్టి తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావనే మనుషుల చేత పనిచేయిస్తుందని మాకు తరగతిలో చెప్పారు. ఆ పాఠం విన్న వాళ్లు వెలుతురును మరిచిపోయి పలకరింపును మాత్రం గుర్తుపెట్టుకుంటారు. పండు మీది మచ్చను చూడవలసిన మనిషికి ముందు కావలసింది ట్యూబ్‌లైటు. పనిచేసే ప్రతిచోటా తగినంత వెలుతురు ఉండాలని ఆ రోజుల్లో అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. పలకరింపు దానికి తోడు కావాలే తప్ప దాని స్థానంలోకి రాకూడదు. పుట్టినరోజులకు కేకులు కోయించి, కూర్చోవడానికి ఒక బల్ల అడిగితే ఏడాది తిప్పే సంస్థలను నేను చూశాను.

చెస్టర్ బార్నార్డ్ అనే ఆయన న్యూజెర్సీలో ఒక టెలిఫోన్ కంపెనీకి అధ్యక్షుడిగా ఉండి, 1938లో ఒక మాట రాశాడు: అధికారం ఆజ్ఞ ఇచ్చేవాడి దగ్గర ఉండదు, దానిని అంగీకరించేవాడి దగ్గర ఉంటుంది; అర్థం కాని ఆజ్ఞనూ, చేయడానికి వీలుకాని ఆజ్ఞనూ ఎవరూ అంగీకరించలేరు. గోడ వారగా కూర్చున్న ఆ 36 మందిని చూసిన తరువాత నాకు ఆ వాక్యాన్ని ఎవరూ వివరించనక్కరలేకపోయింది. బార్నార్డ్‌కు ముందే మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికా రచయిత్రి, ఆజ్ఞ ఒక మనిషి నుంచి మరొక మనిషికి వచ్చినట్టు కాకుండా, పరిస్థితి అడుగుతున్నదేమిటో ఇద్దరూ కలిసి చూసి దానినే పాటించాలని చెప్పింది. మా స్టీలు పళ్లెం చేసింది అదే. ఎంత కోయాలో ఆ తరువాత ఏ అధికారీ చెప్పలేదు, పళ్లెంలోని పండే చెప్పింది. ఆ సీజనంతా రోజూ ఉదయం కొత్త పండ్లు కోసి అక్కడ పెట్టేవాళ్లం.

ప్రాజెక్టు కోసం తిరుపతి నుంచి వచ్చే విద్యార్థుల గురించి కూడా ఇక్కడ చెప్పాలి. ప్రతి ఏడాదీ ఇంగ్లీషులో అచ్చువేసిన ప్రశ్నపత్రాలు తెచ్చి, ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా ఐదు గళ్లు చూపించి, చదువు రాని ఆడవాళ్ల దగ్గర టిక్కు పెట్టించుకుని వెళతారు. అరగంట బెల్టు దగ్గర నిలబడమని నేను ప్రతి ఒక్కరినీ అడిగాను; నిలబడినవాళ్లు ఇద్దరే. పిల్లలను నేను తప్పుపట్టను, అలా పంపించే అధ్యాపకులను తప్పుపడతాను. 36 మందికీ 36 పేర్లు ఉండగా, ఏడో నంబరు, పన్నెండో నంబరు అని పిలిచే సూపర్‌వైజర్లు ఇలాంటి చదువు నుంచే వస్తున్నారు.

ఇప్పుడు ఫ్యాక్టరీల్లోనూ ఆఫీసుల్లోనూ వాట్సాప్ గ్రూపులు వచ్చి నా బాధను రెట్టింపు చేశాయి. అప్పట్లో పని చెప్పడానికి మనిషి కనీసం బెల్టు దాకా నడిచి రావలసి వచ్చేది. ఇప్పుడు రాత్రి పదకొండు గంటలకు ఐదుగురు అధికారులు ఐదు మాటలు గ్రూపులో వేస్తారు, ఉదయం వచ్చిన మనిషి వాటిలో దేనిని ముందు చేయాలో తెలియక నిలబడిపోతాడు. మీ 12 మందికీ గ్రూపు ఉండే ఉంటుంది. అందులో పని చెప్పే హక్కు మీకు తప్ప ఇంకెవరికీ లేకుండా చూడండి. మీ పైఅధికారి చెప్పదలచుకుంటే మీకే చెప్పమని మర్యాదగా అడగండి.

జీతం ఇచ్చే చోటే ఇదంతా చెల్లుతుందని అనుకోకండి. నేను ఒక వారం తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లి, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డించాను. ఒకరికొకరు పరిచయం లేని మనుషులం, వేర్వేరు ఊళ్ల వాళ్లం, కూలి లేదు, బెదిరింపు లేదు. నా వరుస ఏదో, నా చేతిలోని బకెట్టు ఏదో, ఖాళీ అయితే ఎటు వెళ్లాలో ఒక్కరే చెప్పారు, ఒక్కసారే చెప్పారు. చెప్పినాయన ముందు ఒక వరుసకు తానే వడ్డించి చూపించాడు. ఆ వారంలో ఎవరైనా గొంతు పెంచడం నేను వినలేదు.

ఇక కోర్సు. ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దూరవిద్యలో మేనేజ్‌మెంట్ చదువు ఉంది. కేంద్ర ప్రభుత్వపు ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదికలో పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు రుసుము కట్టాలి. రెండింటిలో ఏది తీసుకున్నా నష్టం లేదు. అయితే చేరే ముందు ఒక వారం ఈ పని చేయండి. మీ 12 మందినీ విడివిడిగా కూర్చోబెట్టి, గత వారం రోజుల్లో తమకు ఎవరెవరు పని చెప్పారో, వాటిలో ఏ రెండు మాటలు ఒకదానికొకటి పొసగలేదో అడిగి కాగితం మీద రాసుకోండి. అడిగేటప్పుడు మీ గదికి పిలవకండి, వాళ్లు పనిచేసే చోటికే వెళ్లండి. ఏదైనా అడిగి అందక వదిలేసింది ఉందా అని కూడా అడగండి; మొదటి రోజు ఎవరూ చెప్పరు, మూడవ రోజు మళ్లీ అడగండి. ఆ కాగితాన్ని పట్టుకుని మీ పైఅధికారి దగ్గర కూర్చుని, ఒక్కొక్కరికీ పని చెప్పేది ఎవరో తేల్చుకుని రండి. పాఠాలు ఆ తరువాత మొదలుపెట్టండి.