లవం కాదు, హారం చూడు

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

మీ కోర్సుకు ఈ ఏడాది సమీక్ష జరగబోతోందనీ, స్వీయ మూల్యాంకన నివేదిక రాసే బాధ్యత నీకు అప్పగించారనీ నిన్న తెలిసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల ఇంతటి పనికి ఎదిగిందన్న గర్వంతో సాయంత్రం గడిచింది గాని, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. గడువు, పేజీల పరిమితి, నమూనా అన్నీ మార్గదర్శకాల్లో ఉంటాయి, చదువుకో. అనుబంధాలకు వరుస సంఖ్యలు వేయి. ప్రతి పట్టిక కింద ఆ లెక్క ఏ తేదీనాటిదో, ఏ రిజిస్టరు నుంచి తీసినదో రాయి. పరీక్షల విభాగం గుమస్తాను మొదటి వారంలోనే కలుసుకో, చివరి వారంలో కాదు.

అభ్యసన ఫలితాలు, అంటే కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలన్నది, రాసేటప్పుడు క్రియాపదాలను పట్టించుకో. చదువు లక్ష్యాలను మెట్లుగా పేర్చి అమెరికా విద్యావేత్త బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన వర్గీకరణను 2001లో సవరించినప్పుడు నామవాచకాలుగా ఉన్న మెట్ల పేర్లను క్రియలుగా మార్చారు. అందులో ‘అర్థం చేసుకోవడం’ కూడా ఉందని నువ్వు వాదిస్తావు, నాకు తెలుసు. అది మెట్టు పేరు మాత్రమే. విద్యార్థి పోల్చి చూపుతాడా, లెక్కకడతాడా, స్వయంగా రూపకల్పన చేస్తాడా అన్నది రాస్తేనే, దాన్ని ఏ ప్రశ్నలో కొలిచారని అడిగినవారికి చూపడానికి ఒక జవాబుపత్రం నీ చేతిలో ఉంటుంది.

ఇక అసలు సంగతి. నువ్వు చివరి సంవత్సరంలో ఉన్నప్పుడు మన శాఖకు సమీక్ష వచ్చింది, నివేదిక రాసింది నేనే. ఉత్తీర్ణత గడిలో 92 శాతం అని వేశాను. అది అబద్ధం కాదు: పరీక్షకు కూర్చున్న 39 మందిలో 36 మంది గట్టెక్కారు. కాని మీ బ్యాచ్‌లో చేరినవారు 60 మంది. మధ్యలో వెళ్ళిపోయిన 21 మంది నా భిన్నంలో లవంలోనూ లేరు, హారంలోనూ లేరు. ఎప్పటినుంచో అలాగే లెక్కకడుతున్నామని పైకి సర్దిచెప్పుకున్నాను గాని, నిజానికి ఆ రాత్రి రెండు లెక్కలూ చేసి చూసి, 60 శాతం వచ్చిన కాగితాన్ని చింపేశాను.

మర్నాడు సమీక్షా బృందం అధ్యాపకులెవరూ లేకుండా మీతో మాట్లాడింది. చేరినప్పుడు ఎంతమంది ఉండేవారని వారు అడిగితే, అరవై మంది అని చెప్పింది నువ్వే. నీ గదిలో ఉండే అమ్మాయి రెండో సెమిస్టరు గణితం పేపరు మూడుసార్లు తప్పి చదువు మానేసిందని కూడా చెప్పావు. సాయంత్రం సమావేశంలో బృందం అధ్యక్షులు నా పట్టిక పక్కన పెన్సిలుతో 36/60 అని రాసి, మాట్లాడకుండా కాగితం నా వైపు తిప్పారు. ఎవరు చెప్పారో నేను ఆరా తీశాను, అది రెండో తప్పు. వారం రోజులు నీతో ముభావంగా ఉన్నాను. కారణం తెలియక నువ్వు ప్రాజెక్టు నివేదికలో ఏదో లోపముందనుకొని మొత్తం మళ్ళీ రాసుకొచ్చావు. నేను పేజీ తిప్పకుండానే బాగుందన్నాను. నీ తప్పేమీ లేదమ్మా, ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

పరువు పోవడం అటుంచు, అంతకన్నా పెద్ద నష్టం జరిగింది. గణితానికి ఇంకొక అధ్యాపకుడు కావాలని అప్పటికి నాలుగేళ్ళుగా అడుగుతున్నాం. ఎవరు ఏ సెమిస్టరులో జారిపోయారో నేను వరుసగా చూపి ఉంటే, ఎక్కువమంది ఆ ఒక్క పేపరు దగ్గరే ఆగిపోయారనీ, రెండు సెక్షన్లను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పడం వల్లనే అలా జరిగిందనీ బృందానికి తెలిసేది, పోస్టు అవసరమని వారే సిఫార్సు చేసేవారు. నేనేమో బోధన సిబ్బంది సరిపోతున్నారని రాసుకున్నాను. చివరికి మాకు దక్కిన సిఫార్సు గణాంకాలను నమ్మదగిన పద్ధతిలో భద్రపరచుకోవాలన్నది. పోస్టు రాలేదు.

కాబట్టి నీ మొదటి పట్టికలో ప్రతి బ్యాచ్‌కూ చేరినవారు, మధ్యలో వచ్చి కలిసినవారు, గడువులోగా పూర్తిచేసినవారు, ఆలస్యంగా పూర్తిచేసినవారు, మానేసినవారు విడివిడిగా కనపడాలి. మానేసినవారిలో కొందరికైనా ఫోన్ చేసి కారణం కనుక్కో. బలహీనతల భాగంలో విద్యార్థులకు ఆసక్తి తగ్గిందని మాత్రం రాయకు, అది మనం పాఠం చెప్పలేకపోయినప్పుడు రాసే వాక్యం. లోపం ఏమిటి, ఆధారం ఏమిటి, ఎవరు ఎప్పటికి సరిదిద్దుతారు అన్నవే రాయి. సమీక్షకు ముందు విద్యార్థులను కూర్చోబెట్టి ఏం చెప్పాలో నేర్పే పని ఎవరైనా తలపెడితే, నువ్వే అడ్డుపడు.

గత సమీక్ష సిఫార్సులను తప్పక బయటికి తీయి. ఐరోపా దేశాల విద్యామంత్రులు 2005లో బెర్గెన్‌లో ఆమోదించి, 2015లో యెరెవాన్‌లో సవరించిన ఉన్నత విద్య నాణ్యతా ప్రమాణాల్లో స్వీయ మూల్యాంకనం, సందర్శన, బృందం నివేదిక తర్వాత నాలుగో మెట్టుగా అనుసరణను, అంటే సిఫార్సులు అమలయ్యాయో లేదో తర్వాత చూడటాన్ని, చేర్చారు. మన శాఖల్లో ఆ నాలుగో మెట్టు దాకా ఎక్కినవారిని నేను తక్కువగా చూశాను. అమలు చేయని సిఫార్సు ఉంటే ఎందుకు చేయలేదో రాయి, మీకు అది సరైనదిగా తోచకపోతే ఆ మాటే రాయి.

ఇదంతా ఒక్కదానివే కూర్చొని రాత్రుళ్ళు రాయకు. తలా ఒక అధ్యాయం పంచి, పట్టికలు మాత్రం నీ దగ్గర ఉంచుకో, ఒకే సంఖ్య రెండు చోట్ల రెండు రకాలుగా పడితే మిగతా పేజీలను ఎవరూ నమ్మరు. ముందుమాట నాకు పంపవద్దు, పట్టికలు పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా అచ్చు తీయించు, రెండు రోజుల్లో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను. గణితం దగ్గర ఆగిపోయిన ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉందో నీకు తెలిస్తే, అదీ ఒక ముక్క రాయి.

ఇట్లు,
మీ మాస్టారు