తేనె పుట్టగొడుగుల్లో ఏది ఏ జాతి?

ప్రశ్న: చెట్ల వేర్లను కుళ్లబెట్టే తేనెరంగు పుట్టగొడుగులు పాత పుస్తకాల్లో ఒకే జాతిగా కనిపిస్తున్నాయి. కొత్త పుస్తకాల్లో అవే అయిదారు జాతులయ్యాయి. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసినా నాకు తేడా తెలియడం లేదు. వీటిని దేని ఆధారంగా విడదీశారు? దానివల్ల చెట్లు పెంచేవారికి ఉపయోగం ఉందా?

జవాబు: మీ చూపులో లోపమేమీ లేదు, నిపుణులు కూడా చాలాకాలం ఇలాగే తికమకపడ్డారు. 1790లో మార్టిన్ వాల్ వర్ణించిన ఈ పుట్టగొడుగును 1871లో పాల్ కుమ్మర్ ఆర్మిల్లేరియా ప్రజాతిలో (దగ్గరి జాతుల సమూహంలో) చేర్చాడు. లాటిన్‌లో ‘ఆర్మిల్లా’ అంటే కడియం. కాడ చుట్టూ ఉండే పొరను బట్టి వచ్చిన పేరది. ఆ తరువాత వందేళ్లకు పైగా ఇలాంటివాటిలో చాలా భాగాన్ని ‘ఆర్మిల్లేరియా మెల్లియా’ అనే ఒక్క పేరు కిందే లెక్కించారు. అయితే ఒకచోట పచ్చని చెట్టును నిలువునా ఎండబెట్టే శిలీంధ్రం మరోచోట కుళ్లిన మొద్దును తింటూ ఎవరి జోలికీ పోకుండా ఎందుకుంటుందో ఆ ఒక్క పేరుతో వివరించడం సాధ్యం కాలేదు.

చిక్కుముడిని 1978లో ఫిన్‌లాండ్‌కు చెందిన పరిశోధకుడు కారి కోర్హోనెన్ విప్పాడు. ఒక్కొక్క సిద్ధబీజం (పుట్టగొడుగుకు విత్తనంలా పనిచేసే రేణువు) నుంచి విడిగా పెంచిన శిలీంధ్రం గాజుపళ్లెంలో తెల్లగా, దూదిపింజలా మెత్తగా పెరుగుతుంది. అలాంటి రెండింటిని పక్కపక్కన ఉంచినప్పుడు అవి జతకడితే, కొన్ని వారాల్లో ఆ దూది అణగారి, గోధుమరంగు పట్టి, పెచ్చులా గట్టిపడుతుంది. జతకట్టకపోతే రెండూ తెల్లగానే మిగులుతాయి. జతకట్టేవి ఒకే జాతివని లెక్క. ఇక్కడ తొందరపడకూడదు. ఒకే పుట్టగొడుగు నుంచి రాలిన సిద్ధబీజాలైనా సగటున నాలుగు జతల్లో ఒకటే కలుస్తుంది కాబట్టి, ఒక్క జత కలవనంత మాత్రాన వేరే జాతి అనలేం. తెలిసిన జాతికి చెందిన పలు నమూనాలతో పరీక్షించాలి. ఇలా ఐరోపాలో ఒకదానితో ఒకటి కలవని అయిదు వర్గాలు తేలాయి: బొరియాలిస్, సెపిస్టైప్స్, ఒస్టోయే, మెల్లియా, గాలికా. మరుసటి ఏడాది ఆండర్సన్, ఉల్రిచ్‌లు ఉత్తర అమెరికాలో పది వర్గాలను గుర్తించారు.

కంటికి ఆనవాళ్లు అసలే లేవని కాదు. మెల్లియా కడియం మందంగా, అంచున పసుపుగా ఉంటుంది. దాని కాడలు కిందికి సన్నబడి గుత్తిగా అతుక్కుంటాయి. ఒస్టోయే కడియం అంచున గోధుమరంగు పొలుసులుంటాయి. గాలికాకు ఉండేది సాలెగూడు వంటి పలుచని పొరే, కాడ మొదలు మాత్రం ఉబ్బి ఉంటుంది. కానీ ముదిరినా, వాన తగిలినా ఈ గుర్తులు చెదిరిపోతాయి. సూక్ష్మదర్శిని కింద మెల్లియా సులువుగా దొరికిపోతుంది: మిగతా నాలుగింటిలో సిద్ధబీజాలను మోసే కణాల అడుగున కనిపించే కొక్కెం వంటి బంధం దీనికి ఉండదు.

ఇప్పుడు డీఎన్ఏ చదివి తేలుస్తున్నారు. అక్కడా ఒక మెలిక ఉంది. శిలీంధ్రాల గుర్తింపుకు మామూలుగా వాడే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం వీటిలో దగ్గరి జాతులను సరిగా విడదీయదు. ప్రోటీన్ల తయారీలో పాల్గొనే ఈఎఫ్1-ఆల్ఫా జన్యువు అంతకన్నా నమ్మదగినది. ఆ మార్గంలోనే, కడియమే లేని రెండు జాతులను 2017లో డెసార్మిల్లేరియా అనే వేరే ప్రజాతిగా విడదీశారు. పేరుకు తగ్గ న్యాయమే!

ఇక ఉపయోగం మాటకొస్తే, అది చాలానే ఉంది. ఒస్టోయే సూచీపర్ణ వృక్షాలకు (పైన్ వంటి, సూదుల్లాంటి ఆకులుండే చెట్లకు) ప్రమాదకారి. మెల్లియా తోటల్లోనూ ద్రాక్ష, పండ్ల చెట్లపైనా దాడి చేస్తుంది. గాలికా ఎక్కువగా అప్పటికే నీరసించిన చెట్లనే పట్టుకుంటుంది. కాబట్టి గాలికా కనిపించిందని ఆరోగ్యంగా ఉన్న చెట్టును కొట్టేయనవసరం లేదు.

మీరు నమూనా సేకరించేటప్పుడు లేతదాన్నీ ముదురుదాన్నీ కలిపి, కాడ మొదలు తెగకుండా తవ్వి తీయండి. ఏ చెట్టు, బతికి ఉందా లేదా అన్నది రాసిపెట్టుకోండి. ఇన్ని వివరాలున్నా, గాలికానూ సెపిస్టైప్స్‌నూ కంటిచూపుతోనే విడదీశామనేవారి మాటను మాత్రం నేను నమ్మను.