దోన్సోల్‌కు పేరు తెచ్చిన సొరచేపలు

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లోని దోన్సోల్ అనే చిన్న తీరపట్టణానికి పర్యాటకులు ఎందుకు వెళ్తారు?

జవాబు: లూజోన్ ద్వీపపు దక్షిణ కొసన, సోర్సోగోన్ ప్రావిన్సులో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ప్రధానంగా చేపల వేట, వ్యవసాయం మీదే బతికేది. అక్కడి సముద్రంలో తిమింగల సొరచేపలు (వేల్ షార్క్‌లు; చేపల్లోకెల్లా పెద్దవి, మనుషుల జోలికి రానివి) విరివిగా తిరుగుతున్న సంగతి 1998లో బయటి ప్రపంచానికి తెలియడం, అదే ఏడాది వాటి వేటను ప్రభుత్వం దేశమంతటా నిషేధించడం ఊరి దశను మార్చేశాయి. పడవపై ఎత్తున నిలబడినవాడు నీటిలో కదిలే పెద్ద నల్లని నీడను పసిగట్టి కేక వేయగానే, సందర్శకులు మాస్కు, స్నార్కెల్ (ఊపిరి పీల్చే గొట్టం) తగిలించుకుని దాన్ని దగ్గరగా చూసేందుకు నీటిలోకి దూకుతారు. గాలి సిలిండర్లతో మునగడం, చేపను తాకడం నిషిద్ధం. సెబూ ద్వీపంలోని ఓస్లోబ్‌లో మాదిరిగా మేత వేసి రప్పించరు కనుక, ఒక్కోరోజు ఒక్కటీ కనబడకపోవచ్చు. మా దృష్టిలో దోన్సోల్ పద్ధతే మేలు. రాత్రివేళ నదిలో పడవెక్కితే ఒడ్డు చెట్ల నిండా మిణుగురులను కూడా చూడవచ్చు.