ఫిట్స్ మందు వాడే పిల్లలకు రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించాలి?

మీ నాలుగేళ్ల బాబుకి వాల్‌ప్రోయేట్ సిరప్ రాశారనీ, లివర్ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉందనీ అన్నారు. మా పాపకి కూడా మొదట ఇచ్చింది ఆ మందే.

ఈ మందు వల్ల లివర్ బాగా దెబ్బతినడం అరుదు. ముప్పు ఎక్కువగా ఉండేది రెండేళ్లలోపు పిల్లలకి, అందులోనూ ఒకటికి మించి ఫిట్స్ మందులు వాడేవాళ్లకి, పుట్టుకతో కొన్ని మెటబాలిక్ జబ్బులు (తిన్నది ఒంట్లో శక్తిగా మారడంలో లోపాలు) ఉన్నవాళ్లకి. వచ్చినా చాలావరకు మొదటి 6 నెలల్లోనే వస్తుంది. అందుకే మా డాక్టర్ సిరప్ మొదలుపెట్టకముందే లివర్ టెస్టు, ప్లేట్‌లెట్లు చూశారు. ఆ 6 నెలల్లో మళ్లీ చూసి, తర్వాత ఎడం పెంచారు. మీ బాబుకి ఎంత ఎడం ఉండాలో మాత్రం మీ డాక్టర్నే అడగండి.

రిపోర్టు బాగుంది కదా అని ధీమాగా కూర్చోవద్దు. లివర్ ఎంజైములు కాస్త పెరిగి వాటంతటవే దిగడం మామూలే. అసలు ప్రమాదం ఒక్కోసారి రిపోర్టు కంటే ముందు పిల్లాడిలోనే తెలుస్తుంది. ఆగని వాంతులు, అన్నం ముట్టకపోవడం, లేపినా లేవనంత మగత, కళ్లు పచ్చబడటం, తీవ్రమైన కడుపునొప్పి, అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ ఎక్కువవడం... వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి. దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తుంటే ప్లేట్‌లెట్లు తగ్గాయేమో చూడాలి. అంతేగానీ భయపడి మందు మీరే ఆపేయకండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది.

మా పాపకి లివర్ సమస్య రాలేదు. ఆకలి పెరిగి లావైంది, జుట్టు ఊడింది. దాంతో నెమ్మదిగా లెవెటిరాసెటమ్ అనే ఇంకో ఫిట్స్ మందుకి మార్చారు. అప్పుడు మొదలైంది కోపం! చిన్న మాటకే చేతిలో ఉన్నది విసిరేసేది. గారాబం ఎక్కువైందని బంధువులు తీర్పు కూడా ఇచ్చేశారు. అది ఆ మందుకి బాగా తెలిసిన సైడ్ ఎఫెక్టేనని డాక్టర్ చెప్పి, డోసు సర్దాక చాలావరకు తగ్గింది. కాబట్టి ప్రవర్తనలో మార్పు ఏ తేదీ నుంచి వచ్చిందో రాసి పెట్టుకుని చూపించండి. స్కూల్లో టీచర్‌ని కూడా అడగండి, మనకి కనబడనివి వాళ్లకి కనిపిస్తాయి.

ఇంకొకటి, రక్తంలో మందు లెవెల్ చూడమని రాస్తే సాధారణంగా ఉదయం డోసు వేయకముందే శాంపిల్ ఇవ్వాలి. వేశాక ఇస్తే లెవెల్ ఎక్కువ చూపించి అనవసరంగా కంగారు పెడుతుంది. రక్తం ఇవ్వగానే వేయడానికి సిరప్ వెంట పట్టుకెళ్లండి.