ఖాకీ డ్రెస్సు కాదు, పరుగు ఊహించుకో

తమ్ముడూ, నీ ప్రశ్న చదివితే 2019లో నన్ను నేను చూసుకున్నట్టుంది. ఏపీ పోలీస్ కానిస్టేబుల్ సెలెక్షన్‌కి లాంగ్ జంప్ ప్రాక్టీస్ చేస్తూ, ఒంటరిగా దూకితే 3.80 మీటర్లు దాటుతున్నావు, నలుగురు చూస్తుంటే కాలు బోర్డు దాటి ఫౌల్ అవుతోంది. రోజూ కళ్లు మూసుకుని సెలెక్ట్ అయినట్టు ఊహించుకుంటే ధైర్యం వస్తుందా అని కదా అడిగినావు. ఊహ పనికొస్తుంది, కానీ అది కాదు ఊహించుకోవాల్సింది. ఈ ముక్క తెలుసుకునేదానికి నాకు ఒక నోటిఫికేషన్ పోయింది.

అప్పట్లో యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన మాట పట్టుకుని, రోజూ రాత్రి పడుకునే ముందు ఖాకీ డ్రెస్సులో మా వీధిలో నడిచొస్తున్నట్టు, మా అమ్మ వాకిట్లో నిలబడి ఏడుస్తున్నట్టు చూసుకునేవాణ్ణి. భలే ఉండేది. ఎంత బాగుండేదంటే, ఉద్యోగం వచ్చేసినంత తృప్తితో పొద్దున ఐదుకి లేవబుద్ధయ్యేది కాదు! ఈవెంట్స్ రోజు, అంటే పరుగు, జంప్ పరీక్షల రోజు, 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల లోపే అయిపోయింది. సివిల్ కానిస్టేబుల్‌కి దాంతోపాటు 100 మీటర్లు, లాంగ్ జంప్‌లలో ఒకటి పాసవ్వాలి. 100 మీటర్లలో 15 సెకన్లు దాటిపోయినాయి. ఇక జంపే దిక్కు. మొదటిది ఫౌల్. ఆ ఎర్ర జెండా లేచినాక నా బుర్ర ఖాళీ. నేను చూసుకున్న బొమ్మల్లో ఆ జెండా ఎప్పుడూ లేదు మరి. రెండోది చాలలేదు, మూడోది మళ్లీ ఫౌల్.

2022 నవంబర్‌లో మళ్లీ నోటిఫికేషన్ పడింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ రాతపరీక్ష పెట్టి, ఈవెంట్స్ మాత్రం 2024 డిసెంబర్ ఆఖరుకి గానీ పెట్టలేదు. అంత కాలం ఒళ్లు కాపాడుకోవడం ఎంత కష్టమో ఇక్కడున్నోళ్లకు చెప్పక్కర్లేదు. ఆ గ్యాప్‌లోనే కర్నూలు ఔట్‌డోర్ స్టేడియం దగ్గర ఒక రిటైర్డ్ పీఈటీ సార్ దొరికినాడు. బూట్లు వేసుకుని, జంప్‌కి పరుగు మొదలుపెట్టే రన్నప్ మార్కు దగ్గర నిలబడమన్నాడు. కళ్లు మూసుకో, మనసులో పరిగెత్తి దూకు, ఇసకలో పడగానే చెయ్యెత్తు అన్నాడు. చెయ్యెత్తినా. స్టాప్‌వాచ్ చూసి నవ్వినాడు.

"రెండు సెకన్లా? రెక్కలున్నాయేంరా నీకు? నిజంగా పరిగెత్తితే నాలుగు పడుతోంది."

అంటే నా ఊహలో సగం అడుగులు లేనే లేవు. వాటిలో బోర్డు దగ్గరి చివరి నాలుగడుగులూ ఉన్నాయి, నేను ఫౌలయ్యేది కూడా సరిగ్గా అక్కడే. అప్పటినుంచి పదిహేను అడుగులూ లెక్కపెడుతూ, ఎడమకాలు బోర్డు మీద పడే చప్పుడు వినిపించేదాకా చేసేవాణ్ణి. వీడియోలో మనల్ని మనం చూసినట్టు కాదు, మన కళ్లలోంచి ముందున్న ఇసక కనిపించాలి. కొంతమందికి కళ్లు మూసుకుంటే బొమ్మే రాదు. రాకపోయినా పర్లేదు, పిక్కల్లో బిగువు, ఊపిరి, చప్పుడు, ఇవి తెలిస్తే చాలు. మనసులో పరుగూ నిజం పరుగూ నాలుగు సెకన్ల దగ్గర కలిసేదానికి నాకు మూడు వారాలు పట్టింది. రోజుకి పది నిమిషాలు, అంతకంటే ఎక్కువ చేస్తే మనసు చెదురుతుంది.

దీని మీద 1999లో అమెరికాలో ఫామ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పరీక్షకు ముందు కొందరిని మంచి మార్కులు వచ్చినట్టు, కొందరిని కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదువుతున్నట్టు ఊహించుకున్నోళ్లే ఎక్కువ చదివినారు, మార్కులూ వాళ్లకే ఎక్కువ. నా ఖాకీ డ్రెస్సు కథ అదే కదా.

ఇంకోటి, చెడినట్టు కూడా ఊహించుకో. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుంటే మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు వచ్చేశాయి. గోడ కనపడక, చేతులు వేసిన లెక్క పెట్టుకుంటూ ఈదినాడు. గోల్డ్, దాంతోపాటు ప్రపంచ రికార్డు. అట్లాంటి చిక్కులను కూడా ముందే మనసులో ఈది చూసుకునే అలవాటు ఆయనది. నేను ఎర్ర జెండా, వెనక లైన్లో ఎవరో నవ్వడం, తడి ఇసక, అన్నీ కలిపి ఊహించుకునేవాణ్ణి. ఆ తర్వాత నేనేం చేస్తాను అన్నది కూడా.

ఈవెంట్స్ పొద్దున చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, చొక్కాకి పిన్నుతో గుచ్చిన చెస్ట్ నంబర్ గాలికి కొట్టుకుంటోంది. మొదటి జంప్ మళ్లీ ఫౌల్! కానీ ఈసారి ఆ జెండా పాత చుట్టంలా అనిపించింది. వెనక్కి నడిచి, మార్కు జానెడు వెనక్కి జరుపుకుని, మళ్లీ దూకినా. టేపు 4 మీటర్లు దాటింది.

కాళ్లలో లేనిది తలలోంచి రాదు, ఆ 4 మీటర్లూ స్టేడియంలో రోజూ దూకిందే. నీకు ఒంటరిగా 3.80 వస్తోంది కాబట్టే ఇంత చెప్పినా. రాకపోతే ముందు రన్నప్ చూసుకోమని చెప్పేవాణ్ణి. రేపు గ్రౌండ్‌కి స్టాప్‌వాచ్ పట్టుకునేదానికి ఒకణ్ణి వెంట తీసుకుపో. నీ ఊహలో ఎన్ని సెకన్లు పడుతుందో ఇక్కడ రాయి, చివరి అడుగులు ఎక్కడ పోతున్నాయో చూద్దాం.